పచ్చివి తింటుంటే కాళ్ళు పొలుసులెందుకు కడుతున్నాయి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. నిర్మల్ దగ్గర ఒక పల్లెలో టీచర్‌ని. వినాయక చవితి వెళ్ళిన మర్నాటి నుంచి వండిన తిండి మానేశాను. పొద్దున బూడిద గుమ్మడికాయ రసం, పదింటికి క్యారెట్, బీట్‌రూట్ జ్యూస్. మధ్యాహ్నం గుప్పెడు పెసర మొలకలు, గుప్పెడు శనగ మొలకలు, కీరా, టమాటా. రాత్రికి బొప్పాయి, జామ, దానిమ్మ. నానబెట్టిన బాదం పప్పులు నాలుగు. ఉప్పు, నూనె, పాలు, పెరుగు ఏమీ ముట్టడం లేదు. 68 కిలోల నుంచి 59కి వచ్చాను. మొదటి నెల ముఖం కళగా ఉందని స్టాఫ్‌రూంలో అందరూ అన్నారు. దీపావళి దాటాక కాళ్ళు పొడిబారడం మొదలైంది. ఇప్పుడు మోకాళ్ళ కింద చేప పొలుసుల్లా లేస్తోంది. గోకితే తెల్లటి గీతలు పడుతున్నాయి. సాక్సు విప్పితే పొట్టు రాలుతోంది. జుట్టు ఊడుతోంది. ఎప్పుడూ చలిగా ఉంటోంది. అరచేతులు పసుపు రాసుకున్నట్టు అయ్యాయి. డిసెంబరులో నెలసరి కూడా రాలేదు. ఈ పద్ధతి నేర్పిన ఆయన్ని అడిగితే, అవి శరీరంలోని విషాలు, బయటికి పోతున్నాయి, ఇంకో 2 నెలలు ఓపిక పట్టండి అన్నారు. నీళ్ళు రోజూ 4 లీటర్లు తాగుతున్నాను. మా అత్తయ్య మాత్రం "పప్పులో ఒక చెంచా నెయ్యి వేసుకుని తిను, అన్నీ అవే సర్దుకుంటాయి" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

— ఒక పాఠకురాలు, నిర్మల్ జిల్లా

జవాబు: మీ అత్తయ్య గారి మాట వినండమ్మా. నెయ్యి అనకుండా నువ్వుల నూనె అని ఉంటే ఆవిడకి నూటికి నూరు మార్కులు వేసేదాన్ని. ఎందుకో కింద చెబుతాను.

దానికంటే ముందు ఒక పని ఉంది. డిసెంబరులో నెలసరి రాలేదని ఉత్తరం చివర్లో, జుట్టు ఊడటం, చలి వేయడం తర్వాత, పోనీలే ఇదీ రాద్దాం అన్నట్టు రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద విషయం అదే. మెడికల్ షాపులో కిట్ కొని ముందు గర్భం ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ రోజే ఈ ఆహారం ఆపి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. లేదంటే, తింటున్నది చాలక మీ శరీరం ఖర్చులు తగ్గించుకుంటోందని అనుకోవాలి. జీతం సగమైన ఇంట్లో ముందు పండగ ఖర్చులు ఆపేస్తారు కదా, అలాగన్నమాట. జర్మనీలో ఏళ్ళ తరబడి పచ్చి ఆహారం మీద ఉన్నవాళ్ళని పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించారు. 45 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో సుమారు 30 శాతం మందికి నెలసరి తప్పడమో, పూర్తిగా ఆగిపోవడమో జరిగింది.

ఇక కాళ్ళ సంగతి.

విషాలు బయటికి పోతున్నాయనే మాట నా క్లినిక్‌లో వారానికి ఒకసారైనా వింటాను. ఒంట్లో పనికిరానివాటిని పంపించే పని కాలేయానిది, మూత్రపిండాలది. ఫంగస్ ఉందేమో చూడటానికి మేం రోజుకి నాలుగైదు సార్లు ఇలాంటి పొలుసు గీకి మైక్రోస్కోపు కింద పెడుతూనే ఉంటాం. అందులో చచ్చిన చర్మకణాలుంటాయి, ఫంగస్ ఉంటే దాని పోగులుంటాయి. 26 ఏళ్ళుగా చూస్తున్నాను, విషం మాత్రం ఒక్కసారీ కనబడలేదు. ఇంకో విషయం గమనించారా? మొదటి నెల ముఖం కళగా ఉంటే అది ఆహారం గొప్పతనం. మూడో నెల కాళ్ళు పొలుసు కడితే అది విషం పోవడం. ఈ లెక్కలో ఆ ఆహారం ఎప్పటికీ తప్పు అవ్వదు.

మరి ఏం జరిగింది? పాత మండువా ఇళ్ళ గోడలు చూసే ఉంటారు. ఇటుకకీ ఇటుకకీ మధ్య గానుగ సున్నం పెట్టి కట్టేవారు. మన చర్మం పైపొర కూడా అలాగే ఉంటుంది. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థం సున్నం. (సున్నం నూరేదీ గానుగే, నూనె తీసేదీ గానుగే. మనవాళ్ళు ఊరికే పెట్టలేదేమో ఆ పేరు.) ఈ సున్నంలో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. లోపలి నీరు ఆవిరైపోకుండా పట్టి ఉంచేది ఇదే. అందులో ముఖ్యమైన ఒక రకం సెరమైడ్ తయారవ్వాలంటే లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కావాలి. దాన్ని మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచి రావాల్సిందే. అది చాలకపోతే సున్నం పలచబడుతుంది, ఇటుకలు ఊడతాయి. మీరు పొట్టు అంటున్నది ఆ ఇటుకలనే.

ఈ సంగతి మొదట బయటపడింది ఎలుకల్లో. 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ అనే భార్యాభర్తలు ఎలుకలకి కొవ్వు అసలు లేని ఆహారం పెట్టి చూశారు. మిగతా పోషకాలన్నీ ఇచ్చారు. కొన్ని నెలలకి వాటి తోకలు, పాదాలు పొలుసు కట్టాయి, వెంట్రుకలు రాలాయి. ఇంకో చిత్రం, అవి మామూలు ఎలుకల కంటే ఎక్కువ నీళ్ళు తాగేవి. ఎంత తాగినా చర్మంలోంచి పోయేది పోతూనే ఉండేది. ఆహారంలో కాస్త కొవ్వు కలిపితే తగ్గింది. మీ 4 లీటర్ల నీళ్ళ గురించి చదివినప్పుడు నాకు ఆ ఎలుకలే గుర్తొచ్చాయి, ఏమీ అనుకోకండి. కుండకి చిల్లు పడితే ఇంకో బిందె పోసి లాభం లేదు కదా. దాహానికి తగ్గట్టు రెండు, రెండున్నర లీటర్లు తాగితే ఈ చలికాలంలో చాలు.

అదే 1929లో మా రాజమండ్రిలో ఇంకో కథ మొదలైంది. ఆ వేసవిలో గాంధీజీ ఖద్దరు నిధి కోసం ఆంధ్ర దేశమంతా తిరిగారు. రాజమండ్రిలో ప్రకృతి చికిత్స చేసే సుందరం గోపాలరావు గారు కలిశారు. ఆయన పచ్చి ఆహారం మీద గట్టి నమ్మకం ఉన్న మనిషి. దాంతో గాంధీజీకి పాత సరదా మళ్ళీ లేచింది. 1893లో దక్షిణాఫ్రికాలో ఒకసారి మొదలుపెట్టి రెండు వారాలు తిరక్కుండానే మానేశారు లెండి. ఈసారి పట్టుదలగా చేసి, తను ఏం తింటున్నదీ తన 'యంగ్ ఇండియా' పత్రికలో కొలతలతో సహా రాశారు: మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, బాదం ముద్ద 8 తులాలు, నూరిన ఆకుకూర 8 తులాలు, నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు.

ఆ బాదం ముద్ద దగ్గర ఆగండి. 8 తులాలంటే 93 గ్రాములు. లెక్కేస్తే సుమారు 75 బాదం పప్పులు. అందులో సగం బరువు కొవ్వే, లినోలిక్ ఆమ్లం ఒక్కటే 10 గ్రాములకి పైగా వస్తుంది. మీరు తినేవి నాలుగు పప్పులు. ఇద్దరిదీ పచ్చి ఆహారమే, కానీ రెండూ ఒకటి కాదు. ఇంతకీ గాంధీజీకి కూడా అది పడలేదు. ఆగస్టుకల్లా జిగట విరేచనాలు పట్టుకుని, ప్రయోగం ఆపి మేకపాలకి తిరిగి వచ్చారు. ఓడిపోయానని దాచుకోకుండా అదీ రాశారు. నాకు ఆయనలో నచ్చేది అదే.

మీరు రాసినవన్నీ కాగితం మీద కూడాను. మొత్తం మీద రోజుకి 900 కేలరీలు దాటవు. కొవ్వు 7 గ్రాములు ఉంటే గొప్ప. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 2000 కేలరీల భోజనంలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, అవి కాక పల్లీలు, బాదం, నువ్వుల్లాంటి నూనె ఉన్న గింజలు 35 గ్రాములు ఉండాలి. 27 గ్రాములంటే ఆరు చిన్న చెంచాలు. మీది సున్నా.

అలాగని మీకు ఆ ఎలుకలంత లోపం వచ్చేసిందని అనను. 9 కిలోలు తగ్గారు కాబట్టి, కరిగిన మీ కొవ్వులోంచే కొంత లినోలిక్ ఆమ్లం చర్మానికి అంది ఉంటుంది. మొదటి రెండు నెలలు బాగానే గడవడానికి అదొక కారణం. కానీ దాని మీద ఇంకో మూడు వచ్చి పడ్డాయి. ఒకటి, తిండి బాగా తగ్గితే చర్మంలోని నూనె గ్రంథులు కూడా పని తగ్గిస్తాయి. మొదటి నెల ముఖం కళగా ఉందన్నారే, జిడ్డు తగ్గడం వల్ల అలా అనిపించి ఉండొచ్చు. ముఖానికి జిడ్డు ఎక్కువ కాబట్టి అక్కడ బాగుంది. మోకాళ్ళ కింద నూనె గ్రంథులే తక్కువ, అక్కడ దెబ్బ కొట్టింది. రెండు, కేలరీలు తగ్గితే థైరాయిడ్ హార్మోను కూడా మందగిస్తుంది. ఎప్పుడూ చలి, పొడి చర్మం, జుట్టు ఊడటం ఆ కోవలోవే. అసలైన థైరాయిడ్ జబ్బు కూడా ఇలాగే మొదలవుతుంది కాబట్టి పరీక్ష చేయించకుండా వదలకూడదు. మూడోది మీ ఊరి చలి. నిర్మల్, ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరిలో గాలిలో తేమ ఉండదు. మా గోదావరి ఒడ్డున ఉండేవాళ్ళకి అది అంత తెలియదు. దాంతోపాటు వేణ్ణీళ్ళు కాగబెట్టుకుని చెంబు మీద చెంబు పోసుకుంటుంటారు కదూ?

ఇదంతా పుస్తకం చదివి చెబుతున్నానని అనుకోకండి. 2017లో మా మేనకోడలి పెళ్ళికి జాకెట్లు పట్టాలని నేనూ 40 రోజులు ఇదే వేషం వేశాను. చర్మం డాక్టరుని అయి ఉండి కూడా. ఇరవై అయిదో రోజున మా నర్సమ్మ నా చేతులు చూసి, "మేడం, గ్లౌజుల పౌడర్ కడుక్కోలేదా?" అంది. పౌడర్ కాదు, నా చర్మమే. పెళ్ళినాటికి మడమలు పగిలి, పట్టుచీర కుచ్చిళ్ళ దారాలు వాటికి పట్టుకుని లాగేశాయి. జాకెట్లు పట్టాయి, నిజమే. చీర మాత్రం రఫ్ఫు చేయించాల్సి వచ్చింది. పేషెంట్లకి నూనె రాసుకోండి, కాస్త కొవ్వు తినండి అని చీటీ మీద చీటీ రాసే మనిషికి తన కంచంలో నూనె చుక్క లేదని 40 రోజులు తట్టలేదు. అందుకే మీ మీద కోపం రావట్లేదు.

అరచేతుల పసుపు గురించి కంగారు పడకండి. అద్దంలో కళ్ళ తెల్లగుడ్డు చూసుకోండి. అది తెల్లగానే ఉంటే కామెర్లు కాదు, రోజూ తాగే క్యారెట్ రసంలోని కెరోటిన్ చర్మంలో చేరింది అంతే. కళ్ళు కూడా పచ్చగా ఉంటే మాత్రం రేపే రక్తపరీక్ష చేయించండి. క్యారెట్ రసం ఆపితే కొన్ని వారాల్లో రంగు పోతుంది. క్యారెట్‌ని రసం తీయకుండా కూరగా, తాలింపు వేసి తినండి. ఉడికి, నూనె తగిలితే అందులోని కెరోటిన్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది. రసం తాగినన్ని క్యారెట్లు కూరలో ఎవరూ తినలేరు కాబట్టి చేతులు పచ్చబడటమూ ఉండదు.

పరీక్షలు: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కోసం), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ కోసం), విటమిన్ బి12, విటమిన్ డి. వీటిలో బి12 తప్పనిసరి. పాలు, పెరుగు, గుడ్లు అన్నీ మానేసినవాళ్ళకి అది ఎక్కడి నుంచీ రాదు. జర్మనీ వాళ్ళే 201 మంది పచ్చి ఆహారం తినేవాళ్ళని చూసి 2005లో ప్రచురించిన దానిలో 38 శాతం మందికి బి12 లోపం ఉంది.

ఇప్పుడు ఏం తినాలి అంటే, అన్నీ మానేయమని చెప్పను. కీరా, జామకాయ, బొప్పాయి మీ చర్మానికి ఏ పాపమూ చేయలేదు. అవి ఉంచండి. బూడిద గుమ్మడి రసం మీకు ఇష్టమైతే తాగండి, ఇష్టం లేకపోతే వడియాలు పెట్టుకోండి. మధ్యాహ్నం మాత్రం పొయ్యి వెలిగించండి. జొన్న రొట్టో అన్నమో, పప్పు, ఒక కూర, పెరుగు. రెండో పూట కూడా కొద్దిగా వండినదే తినండి. రోజుకి నాలుగైదు చిన్న చెంచాల నూనె లోపలికి వెళ్ళాలి. ఏ నూనె అన్నది ఇక్కడ ముఖ్యం. నెయ్యిలో, కొబ్బరినూనెలో నూటికి రెండు మూడు వంతులే లినోలిక్ ఆమ్లం ఉంటుంది. వేరుశనగ నూనెలో 30 వంతులు, నువ్వుల నూనెలో 40కి పైన, పొద్దుతిరుగుడులో 60 దాకా. మీ తెలంగాణలో కుసుమలు పండిస్తారు కదా, గానుగ దగ్గర కుసుమ నూనె దొరికితే అందులో 70 పైనే. అత్తయ్య గారికి మార్కులు తగ్గించింది ఇందుకే. అయినా ఆవిడ పప్పులో వేసిన నెయ్యి తీసేయకండి, రుచికి అదీ ఉండాలి. తాలింపు నువ్వుల నూనెతో పెట్టండి.

లేదు, నాకు పచ్చిగా తినడమే ఇష్టం అంటే అందులోనూ నూనె ఉన్నవి ఉన్నాయి. నానబెట్టిన పల్లీలు ఒక గుప్పెడు, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి ఒక ఉండ, అవిసె గింజల పొడి ఒక పెద్ద చెంచా. అవిసె గింజల్ని పొడి చేయకుండా మింగితే వచ్చినవి వచ్చినట్టే పోతాయి. ఎక్కడా పచ్చి ఆహారం అంటే నూనె లేని ఆహారం అని లేదు. మీకు నేర్పినాయన రెండింటినీ కలిపేశారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

మొలకల మీద ఒక మాట. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఒక రకం ఈ కోలి బ్యాక్టీరియా వ్యాపించి 50 మందికి పైగా చనిపోయారు. మొలక కట్టే తడి, వెచ్చదనం క్రిములకి కూడా ఇష్టమే. పది నిమిషాలు ఆవిరి పట్టి తినండి. గర్భం ఉంటే పచ్చి మొలకలు అసలు వద్దు.

బయట చేయాల్సింది తక్కువే. గోరువెచ్చని నీళ్ళతో పది నిమిషాల్లో స్నానం అయిపోవాలి. సబ్బు చంకలకి, గజ్జలకి, పాదాలకి చాలు, కాళ్ళకి రుద్దకండి. సున్నిపిండి కూడా ఈ రెండు నెలలు వద్దు, అది ఉన్న కాస్త నూనెనీ పీల్చేస్తుంది. నిమ్మచెక్క రుద్దమని ఎవరైనా చెబితే వినకండి, మండి ఏడుస్తారు. తువ్వాలుతో అద్దుకుని, ఒళ్ళు తడి ఆరకముందే, అంటే రెండు మూడు నిమిషాల్లో, మాయిశ్చరైజర్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాయండి. మోకాళ్ళ కింద రాత్రిపూట 10 శాతం యూరియా క్రీము. పగుళ్ళు ఉన్నచోట యూరియా మంట పెడుతుంది, అక్కడ జెల్లీ చాలు. ఆదివారం తలంటుకి ముందు ఒంటికి నువ్వుల నూనో, పొద్దుతిరుగుడు నూనో పట్టించి అరగంట ఉంచండి. దీన్ని పాతకాలపు ముచ్చట అని కొట్టిపారేయకండి. పేగులు దెబ్బతిని తిండిలోంచి కొవ్వు పీల్చుకోలేని రోగులకి చేతుల మీద పొద్దుతిరుగుడు నూనె రుద్దితే ఈ లోపం సర్దుకుందని 1974లో లండన్ నుంచి వచ్చే 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో రాశారు. మా అమ్మమ్మ 'లాన్సెట్' చదవలేదు, అయినా ఆదివారం ఎవర్నీ వదిలేది కాదు.

చర్మం పైపొర కొత్తది రావడానికి నెల రోజులు పడుతుంది. కాబట్టి వారానికే తేడా వెతకకండి, ఆరు వారాలు చూడండి. జుట్టు ఇంకా ఆలస్యం. బరువు వేగంగా తగ్గిన రెండు మూడు నెలలకి ఊడటం మొదలవుతుంది, తిండి సరిచేశాక కూడా కొన్నాళ్ళు ఊడి, తర్వాత ఆగుతుంది. ఆ మధ్యలో టెన్షన్ పడి ఖరీదైన సీరమ్‌లు కొనకండి. బరువు రెండు మూడు కిలోలు తిరిగి పెరిగితే పెరగనివ్వండి. నెలసరి తిరిగి రావాలంటే అది కావాలి కూడా.

ప్రశ్న: మేడం, నాకు 21 ఏళ్ళు. గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. జిమ్‌లో చెప్పారని అయిదు నెలలుగా రోజూ 8 పచ్చి గుడ్ల తెల్లసొన తాగుతున్నాను. పచ్చసొన పారేస్తాను. నోటి చుట్టూ, ముక్కు పక్కన చర్మం ఎర్రగా పొడిబారి పొట్టు లేస్తోంది. హాస్టల్‌లో ఫ్రెండు ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజులు తగ్గి మళ్ళీ వస్తోంది. గుడ్లు మానేయాలా?

— ఒక విద్యార్థి

జవాబు: గుడ్లు మానక్కర్లేదు నాయనా, పచ్చిగా తాగడం మానెయ్. పచ్చి తెల్లసొనలో అవిడిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది బయోటిన్ అనే విటమిన్‌ని గట్టిగా పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. బయోటిన్ తగ్గితే నోరు, ముక్కు, కళ్ళ చుట్టూ ఇలాగే ఎర్రగా పొట్టు లేస్తుంది, జుట్టూ ఊడుతుంది. ఎప్పుడో ఒక పచ్చి గుడ్డు తాగితే ఏమీ కాదు. రోజుకి ఎనిమిది, అయిదు నెలలు అంటే అనుమానించాల్సిందే. ఉడకబెడితే అవిడిన్ పాడైపోతుంది. పైగా బయోటిన్ ఎక్కువగా ఉండేది నువ్వు పారేస్తున్న పచ్చసొనలో!

కండ కోసమే అయితే ఇంకో లెక్క చెబుతాను. బెల్జియంలో 1998లో కొలిచి చూస్తే, ఉడికిన గుడ్డులోని ప్రొటీన్ 90 శాతం దాకా ఒంటికి పట్టింది, పచ్చి గుడ్డుది 50 శాతమే. ఎనిమిది తాగి నాలుగింటి ఫలితం పొందుతున్నావు. అమ్మ పంపే డబ్బులే కదా అవి.

ఆ ట్యూబు సంగతి అసలు భయపెడుతోంది. రాయగానే తగ్గి, ఆపగానే వస్తోందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి మొటిమలు, ఎర్ర నరాలు తేలతాయి. ట్యూబు తీసుకుని దగ్గర్లోని చర్మం డాక్టరుకి చూపించు. చుండ్రు కూడా ఉందంటే ఇది సెబోరిక్ డెర్మటైటిస్ (జిడ్డు ఎక్కువుండే చోట ఎర్రగా పొట్టు లేచే చర్మవ్యాధి) కావచ్చు, దానికి మందు వేరు.

ప్రశ్న: మా మనవడికి 6 ఏళ్ళు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, పిరుదుల మీద పనసకాయ తొక్కలా గరుకుగా సన్నటి బొడిపెలు వచ్చాయి. దురద లేదు. అన్నం, పప్పుచారు తప్ప ఏదీ తినడు. పచ్చి క్యారెట్లు తినిపిస్తే పోతుందని పక్కింటావిడ చెప్పింది. రోజూ ఏడుపే. ఏం చేయమంటారు?

— ఒక నాయనమ్మ, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, పచ్చి క్యారెట్ కోసం పిల్లాడిని ఏడిపించకండి. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి దీన్ని మేం ఫ్రైనోడెర్మా అంటాం. కప్ప చర్మం అని ఆ మాటకి అర్థం. వెంట్రుక మొలిచే రంధ్రాల దగ్గర చర్మం గట్టిపడి ముల్లులా లేస్తుంది. ఒకప్పుడు మన పల్లెల్లో చాలామంది పిల్లలకి ఉండేది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో 1960ల్లోనే దీని మీద పరిశోధన చేశారు. విటమిన్ ఎ ఒక్కటే కాదు, బి కాంప్లెక్సు, పైన నిర్మల్ అమ్మాయికి చెప్పిన లినోలిక్ ఆమ్లం కూడా తక్కువైతే వస్తుందని తేలింది.

పప్పుచారులో తోటకూర కలిపి మెత్తగా మెదిపేయండి, వాడికి తెలియదు. దాని మీద రెండు చెంచాల నూనెతో తాలింపు వేయండి. రోజుకో గుడ్డు, సాయంత్రం స్కూలు నుంచి రాగానే నువ్వుల ఉండ. క్యారెట్‌ని తురిమి నూనెలో వేయించి అన్నంలో కలిపితే తినొచ్చు. స్నానం ముందు ఆ గరుకు చోట్ల నూనె రాయండి, పీచుతో మాత్రం తోమకండి. విటమిన్ ఎ మందు మీ అంతట మీరు కొని పోయకండి, ఎక్కువైతే ప్రమాదం. చీకట్లో తడుముకుంటున్నాడా, కళ్ళు పొడిగా, మసకగా ఉన్నాయా చూడండి. ఉంటే ఆగొద్దు, అదే రోజు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. లేకపోతే ఈ వారంలో ఒకసారి చూపించి, నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో కూడా ఆయనకి చెప్పండి.